మా బట్టల కొట్లో కూర్చునే బల్లలు వచ్చేదాకా: నా అనుభవం

నేను రాజమండ్రిలో ఒక బట్టల కొట్లో రెండో అంతస్తు ఫ్లోర్ ఇన్‌ఛార్జిని. మా అంతస్తులో పట్టుచీరలు, ఫ్యాన్సీ చీరలు ఉంటాయి. కొట్టు మొత్తం మీద నలభై మందికి పైగా పనిచేస్తాం, అందులో ఆడవాళ్లమే ఎక్కువ. సేల్స్‌లో చేరి ఏళ్ల తరబడి నిలబడ్డాక ఇన్‌ఛార్జినయ్యాను. ఇన్‌ఛార్జినయ్యాక కూడా నిలబడే ఉన్నాను. 2025 ఆగస్టు నుంచి 2026 ఫిబ్రవరి దాకా మా కొట్లో కూర్చోడానికి బల్లలు, ఆడవాళ్లకు వేరే బాత్‌రూము, వారం సెలవుల పట్టిక, ఈఎస్‌ఐ (పనివాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఒక్కొక్కటే ఎలా వచ్చాయో రాస్తున్నాను. వేరే కొట్లలో పనిచేసే అమ్మాయిలు అడుగుతున్నారు, ఇద్దరు ముగ్గురు ఓనర్లు కూడా ఎంతయిందని ఆరా తీశారు. కొట్టు పేరు మాత్రం రాయను. నా జీతం ఇంకా అక్కడే.

ఆ ఏడాది వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8న వచ్చింది. ముందు రోజు గురువారం పొద్దున షట్టరు ఎత్తింది మొదలు రాత్రి పదింటిదాకా మా అంతస్తులో కాలు పెట్టడానికి సందు లేదు. పెళ్లి బేరాలైతే గంటలకొద్దీ సాగుతాయి, శ్రావణం బేరం అలా కాదు. రేపు పూజ, ఇవాళ చీర కావాలి, అంతే. సాయంత్రం నాలుగింటికి కడియం నుంచి వచ్చే అమ్మాయి పై అరలో చీర అందుకోబోయి అలాగే జారి కూలబడిపోయింది. ముఖాన నీళ్లు కొడితే లేచింది గానీ కళ్లు నిలవడం లేదు. పక్క సందులో ఉన్న నర్సింగ్ హోంకి తీసుకెళ్లాం. సెలైన్ పెడుతూ డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "పొద్దుట్నించి నీళ్లెన్ని తాగావమ్మా?" ఆ పిల్ల నా వైపు చూసింది. ఒక్క గ్లాసు కూడా తాగలేదని నాకు తెలుసు. డ్యూటీలో మేమెవరమూ తాగం.

ఎందుకంటారా? మా బిల్డింగులో అప్పటికి ఉన్నది ఒకటే బాత్‌రూము, మూడో అంతస్తులో గోడౌను పక్కన. మగవాళ్లూ ఆడవాళ్లూ అందరికీ అదే. లోపలి గొళ్లెం సరిగా పడదు, ఒక చెయ్యి తలుపు మీదే ఉంచాలి. తాళం చెవి సూపర్‌వైజరు దగ్గర ఉంటుంది. తండ్రి వయసున్న మనిషిని చెవి అడగడం పద్దెనిమిదేళ్ల పిల్లకి ఎంత నామోషీగా ఉంటుందో చెప్పక్కర్లేదు. సిగ్గు చంపుకుని వెళ్లొచ్చినా, తిరిగొచ్చేసరికి మన చేతిలో బేరం పక్క కౌంటరుకి పోతుంది. బేరం పోతే ఆ రోజు ఇన్సెంటివ్ పోయినట్టే. అందుకని నీళ్లు తాగకుండా ఉండటం కొత్తగా చేరిన పిల్లకి మొదటి వారంలోనే పాతవాళ్లు నేర్పేస్తారు. నాకూ ఒకావిడ నేర్పింది, నేనూ కొందరికి నేర్పాను. ఒంటికి వెళ్తే మంట, నడుం నొప్పి, చలిజ్వరం అని ఎవరో ఒకరు సెలవు పెట్టని నెల ఉండేది కాదు. పాతవాళ్లలో చాలామందికి పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బిపోయి ఉంటాయి. చీర కట్టు కాబట్టి బయటికి కనపడవు.

నర్సింగ్ హోం బిల్లు ఓనరు గారే కట్టారు, ఆ మాట చెప్పుకోవాలి. మర్నాడు వ్రతం రోజున ఆ పిల్ల మళ్లీ డ్యూటీకి వచ్చింది. శ్రావణ మాసంలో సెలవు పెడితే ఇన్సెంటివ్ మొత్తం కోత.

మా ఓనరు గారిని పెద్దాయన అంటాం. కింద క్యాష్ దగ్గర కూర్చుంటారు. వాళ్లబ్బాయిని బాబుగారంటాం. హైదరాబాదులో ఎంబీఏ చదివి, హైటెక్ సిటీలో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో పనిచేసి వచ్చాడు. స్టాఫ్ ఉత్సాహంగా ఉండాలి, వాళ్లని కలుపుకుపోవాలి అని ఎప్పుడూ అంటుంటాడు. ఆగస్టు 15న జెండా ఎగరేసి, లడ్డూలు పంచి, మేడ మీద మా అందరి చేత ఆటలు ఆడించాడు. అందులో ఒకటి కుర్చీలాట. పాట ఆగగానే నేను కూర్చున్నాను. పక్కనున్న అమ్మాయి నవ్వుతూ "అక్కా, ఈ ఏడాదిలో కొట్లో మనం కూర్చోవడం ఇదే మొదలు" అంది. ఆ మాట బాబుగారి చెవిన పడింది. అప్పుడేమీ అనలేదు.

అదే రోజు స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితమైంది. కడియం, కోరుకొండ, ధవళేశ్వరం, కొవ్వూరు నుంచి వచ్చే పిల్లలకి అదే పెద్ద పండగ. ఆ రోజంతా లడ్డూల గురించి కాదు, బస్సు గురించే మాటలు.

ఆగస్టు చివర్లో బాబుగారు నన్ను పిలిచి, ప్రతి నెలా పుట్టినరోజులకి కేకు, మెట్ల దగ్గర ఉత్తమ ఉద్యోగి ఫోటో పెడదాం, మీరేమంటారు అన్నాడు. కేకు వద్దనడానికి నేనెవర్ని? "అంతకంటే ముందు వాళ్లకేం కావాలో అడగండి బాబుగారూ" అన్నాను. అయితే చీటీలు రాయించి డబ్బాలో వేయిద్దాం అన్నాడు. చేతిరాత చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది, ఎవరూ నిజం రాయరు అన్నాను. చివరికి ఒక కాగితం మీద పది విషయాలు అచ్చు వేయించి, ఏవైనా మూడింటికి టిక్కు పెట్టమన్నాం. పేరు లేదు, రాత లేదు. డబ్బా కూడా క్యాష్ దగ్గర కాకుండా మంచినీళ్ల కూలరు పక్కన పెట్టాం.

సెప్టెంబరు రెండో వారంలో విప్పాం. జీతం పెంచమనే అందరూ టిక్కు పెడతారని బాబుగారి లెక్క. ఆడవాళ్ల కాగితాల్లో దాదాపు ప్రతిదాని మీదా బాత్‌రూముకి టిక్కు ఉంది. తర్వాత కూర్చోవడం, తర్వాత వారం సెలవు ముందే తెలియడం, ఆ తర్వాతే జీతం. కేకుకి రెండో మూడో పడ్డాయి, పాపం. బాబుగారు ఆ కాగితాలన్నీ బల్ల మీద పరుచుకుని చాలాసేపు మాట్లాడలేదు. కుర్రాడు మనసున్న మనిషే. తనెప్పుడూ ఆ మూడో అంతస్తు బాత్‌రూముకి వెళ్లలేదు, ఇల్లు కొట్టు వెనకాలే.

పెద్దాయన ఒప్పుకోలేదు. "బేరం వచ్చినప్పుడు మనిషి నిలబడి ఉంటేనే మర్యాద. కూర్చుంటే నిద్రొస్తుంది" అన్నారు. ఇది ఒక్క మా కొట్టు మాటే కాదు, బట్టల కొట్లన్నిట్లోనూ వినిపించే మాటే. ఇక దసరా సీజను మొదలైంది. అక్టోబరు 2న దసరా, 20న దీపావళి, మధ్యలో ఊపిరి ఆడదు. ఆ నెలలో దీని గురించి ఎత్తినా ఎవరూ వినరని నేనే నోరు మూసుకున్నాను.

పని ముందుకి నడిపింది కంచి పట్టు ఏజెంటు గారు. ఏటా దసరాకి ముందు సరుకుతో వస్తారు, పెద్దాయనతో ముప్పై ఏళ్ల స్నేహం. మాటల్లో బాబుగారు ఈ సంగతి ఎత్తితే ఆయన తేలిగ్గా, "మా తమిళనాడులో 2021లోనే చట్టం వచ్చిందండీ, కొట్లో పనిచేసేవాళ్లందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలి. కొట్లేం మూతపడలేదు" అన్నారు. ఆ రాత్రి ఇంటికెళ్లి ఫోన్లో చదివాను. తమిళనాడు కంటే ముందే, 2018లో కేరళ వాళ్లు దుకాణాల చట్టం మార్చారు. దాని వెనక కోళికోడ్ మిఠాయి వీధిలో పనిచేసే ఆడవాళ్ల పోరాటం ఉంది. పి. విజి అనే ఒక దర్జీ ఆవిడ వాళ్లని పెణ్‌కూట్టు అనే సంఘంగా కూడగట్టింది. వాళ్లు కూడా మొదట బాత్‌రూముల కోసమే గొడవ మొదలుపెట్టారని చదివి ఒళ్లు జలదరించింది. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టంలోనే నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే వీలుండాలని రాశారట. కొట్టు ఫ్యాక్టరీ కాదు, అదీ సంగతి.

అయితే పెద్దాయన్ని మార్చింది ఈ చట్టాలు కాదు. దీపావళి వెళ్లాక ఒక మధ్యాహ్నం బేరాల్లేనప్పుడు నేనే అడిగాను, "మీ నాన్నగారి హయాంలో మన కొట్లో చీరలు ఎలా చూపించేవారండీ?" అని. ఆయన ముఖం వెలిగింది. అప్పట్లో కౌంటర్లు లేవు. గోడ నుంచి గోడకి పరుపులు, మీద తెల్ల దుప్పటి, బాలీసులు. బేరానికొచ్చినవాళ్లూ కూర్చునేవారు, చూపించేవాళ్లూ కూర్చునేవారు. ఒక్కో పెళ్లి బేరానికి రెండు సార్లు కాఫీ. పది నిమిషాలు చెప్పి, తనే ఆగారు. నేనేమీ అనలేదు. కాసేపాగి, "సరే, మీ అంతస్తులో చూడండి. బేరాలు తగ్గితే తీసేస్తాను" అన్నారు.

ఇక్కడ్నుంచి అసలు తంటా. అక్టోబరు ఆఖరి వారంలో బాబుగారు డజను ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాడు. మా కౌంటర్లు నడుం పైదాకా ఎత్తుంటాయి. కుర్చీలో కూర్చుంటే కౌంటరు అవతలికి తల మాత్రమే కనపడుతుంది. లోపల నడవ వెడల్పు రెండున్నర అడుగులు. కుర్చీ వేస్తే వెనక ర్యాక్‌లో కింది అర తీయడానికి లేదు, ఒకరు దాటాలంటే ఇంకొకరు లేవాలి. రెండు రోజుల్లో కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి గోడౌనుకి పోయాయి. తర్వాత ఆన్‌లైన్లో ఎత్తు స్టూలు ఒకటి తెప్పించాం, రెండు వేల పైన పడింది. గుండ్రంగా చిన్న సీటు, కట్టు చీరతో ఎక్కితే జారుతుంది. ఒక రోజు వాడి పక్కన పెట్టేశాం.

అంతలో మొంథా తుపాను వచ్చింది. అక్టోబరు 28న ఊరంతా మూసేశారు, తర్వాత కూడా బేరాలు పల్చగానే ఉన్నాయి. ఆ ఖాళీలో మా ర్యాకులు చేసిన వడ్రంగి మేస్త్రీనే పిలిచాం. ఆయన నడవలో అటూ ఇటూ రెండు సార్లు నడిచి, "అమ్మా, కుర్చీ నేల మీద ఎందుకు? ర్యాక్‌కే తగిలిద్దాం" అన్నాడు. ర్యాక్ కింద నుంచి మూడో అర దగ్గర అడుగు వెడల్పు ప్లైవుడ్ బల్ల, వెనక మడత బందులు, రెండు పక్కలా గొలుసులు. కావాలంటే దించుకుని కూర్చోవచ్చు, వద్దంటే పైకి మడిస్తే ర్యాక్‌కి అంటుకుపోతుంది. బల్ల ఎత్తు ఇరవై ఆరు అంగుళాలు పెట్టాడు, కాళ్లు ఆనించుకోడానికి కౌంటరు లోపలి పక్క ఒక పట్టీ కొట్టాడు. ఆ పట్టీ లేకపోతే కాళ్లు వేలాడి అరగంటకే తిమ్మిరెక్కుతాయి. ఇది ముందు మాకెవరికీ తట్టలేదు, ఆయన తనంతట తనే చేశాడు. కూలితో కలిపి ఒక్కో బల్లకి పదకొండు వందల యాభై అయింది. మా అంతస్తుకి పద్నాలుగు చేయించాం. కార్తీకం పెళ్లి బేరాలు నడుస్తున్నాయి కాబట్టి రాత్రి కొట్టు కట్టేశాక వచ్చి బిగించేవాడు. నవంబరు మూడో వారానికి పూర్తయింది.

చేతిలో బల్లలున్నా ఎవరూ కూర్చోలేదు. నేను దీన్ని ఊహించలేదు. వారం రోజులు అన్నీ మడిచే ఉన్నాయి. కారణం తల మీద ఉంది, కెమెరా. పెద్దాయన ఇంటి దగ్గర నుంచి ఫోన్లో మా అంతస్తు చూస్తారు. ఇంతకు ముందు ఎవరైనా ర్యాక్‌కి కాస్త ఆనుకుంటే చాలు, నా ఫోను మోగేది, "మూడో కౌంటరు పిల్లకి ఒంట్లో బాలేదా?" అని. ఆ వెటకారం అందరికీ గుర్తే. నేను దించుకుని కూర్చున్నా వాళ్లు కూర్చోలేదు, "మీరు ఇన్‌ఛార్జి కదక్కా" అన్నారు. చివరికి పెద్దాయనే ఒక రోజు పైకొచ్చి, కౌంటరు లోపలికి వెళ్లి ఒక బల్ల దించి కూర్చుని, "బాగానే ఉంది, గట్టిగానే ఉంది" అన్నారు. పావుగంట కూర్చుని కబుర్లు చెప్పి వెళ్లారు. ఆ మధ్యాహ్నమే నాలుగు బల్లలు దిగాయి. నాకైతే ఆ పావుగంట పదహారు వేల పెట్టుబడి కంటే విలువైనది.

రెండో చిక్కు ఇన్సెంటివ్. కూర్చున్న అమ్మాయి లేచేలోపు నిలబడ్డ అమ్మాయి బేరాన్ని పిలిచేస్తుంది. రెండు రోజులకే మాటలూ కన్నీళ్లూ. దీనికి ఆటో స్టాండులో లాగా వరస పెట్టాం. ముందున్న ఇద్దరూ నిలబడి ఉంటారు, వచ్చిన బేరం వాళ్లదే. మిగతావాళ్లు కూర్చోవచ్చు, వరస జరిగినప్పుడు లేస్తారు. బేరం తనకి తెలిసిన అమ్మాయినే అడిగితే వరస వర్తించదు. ఇది మొదట నోటి మాటగా నడిపితే గొడవయింది. పలక మీద పేర్లు రాసి స్తంభానికి తగిలించాక సర్దుకుంది. పేర్లు చెరిపి రాసే బాధ్యత రోజుకొకరిది.

బేరానికొచ్చేవాళ్ల సంగతి చాలామంది అడుగుతారు. ఒకావిడ మాత్రం "ఏంటమ్మా, కూర్చుని చూపిస్తావా?" అని కసిరింది. ఆ అమ్మాయి లేచి నిలబడింది, అంతే. మిగతావాళ్లు అసలు గమనించలేదు. చీర విప్పి పరచాలంటే ఎలాగూ నిలబడాలి కదా. మేం కూర్చునేది బేరం లేనప్పుడు, మడతలు వేసేటప్పుడు, ధర చీటీలు కట్టేటప్పుడు. రోజులో ఆ పనులే సగం ఉంటాయని కూర్చున్నాకే తెలిసింది. పాదాల కింద రబ్బరు చాపలు కూడా వేయించాం, ఒక్కోటి ఆరు వందల యాభై. చలికాలం పాలరాయి మీద ఉత్తి కాళ్లతో నిలబడేవాళ్లకి బల్లకంటే ఆ చాపే నచ్చింది.

నవంబరులోనే ఈఎస్‌ఐ. ఇది మేం అడిగి తెచ్చుకున్నది కాదు. పుస్తకాల్లో మా కొట్టు స్టాఫ్ తొమ్మిది మందే. పది మంది ఉంటే ఈఎస్‌ఐ కట్టాలి కాబట్టి తొమ్మిది. ఆడిటరు గారు వచ్చి, జులై నుంచి స్ప్రీ అని ఒక పథకం నడుస్తోంది, డిసెంబరు 31 లోపు నమోదైతే పాత బకాయిలు అడగరు, ఇప్పుడు తప్పితే చిక్కు అని పెద్దాయనకి చెప్పారు. నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, అందరికీ నియామక పత్రం ఇవ్వాలి అని కూడా చెప్పారు. భయమే పనిచేసింది, ఏదైతేనేం.

జీతం నుంచి కోత అనగానే పిల్లలు కంగారుపడ్డారు. పన్నెండు వేల జీతానికి మనది ముప్పావు శాతం, అంటే తొంభై రూపాయలు. ఓనరుది మూడుంపావు శాతం, మూడు వందల తొంభై. నెలకి తొంభైకి ఇంటిల్లిపాదికీ వైద్యం, జబ్బు చేసి సెలవు పెడితే 91 రోజుల దాకా 70 శాతం జీతం, మొదటి రెండు కాన్పులకి 26 వారాలు జీతంతో సెలవు అని కాగితం మీద రాసి వివరించాను. జబ్బు సెలవు డబ్బుకీ, కాన్పు డబ్బుకీ ముందు కొన్నాళ్లు చందా కట్టి ఉండాలి, చేరిన మర్నాడే రావు. ఇది ముందే చెప్పడం మంచిది, లేకపోతే మోసపోయామనుకుంటారు. జీతం 21 వేలు దాటినవాళ్లకి ఇది వర్తించదు. మా కొట్లో ఆ బాధ ఎవరికీ లేదు.

నమోదులో చుక్కలు కనపడ్డాయి. ఒకమ్మాయి ఆధార్‌లో పుట్టింటి పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో అత్తింటి పేరు. ఇంకొకామెకి ఆధార్‌లో పుట్టిన సంవత్సరమే ఉంది, తేదీ లేదు. ఇద్దరి ఫోను నంబర్లు ఆధార్‌కి కలిపినవి ఎప్పుడో పారేసిన సిమ్ములు, ఓటీపీ ఎక్కడికి పోతుందో తెలీదు. ఆధార్ కేంద్రంలో సరిచేయించుకోడానికి ఒక్కొక్కరికీ సగం రోజు సెలవు ఇప్పించాల్సి వచ్చింది. సగం మందికి పది రోజుల్లో నంబర్లు వచ్చాయి, మిగతావాళ్లకి జనవరి దాకా పట్టింది. మొదటగా వాడుకుంది ప్యాకింగ్‌లో ఉండే ఆవిడ, కొడుక్కి జ్వరమొస్తే ఊళ్లోనే ఉన్న ఈఎస్‌ఐ ఆసుపత్రికి తీసుకెళ్లింది. లైనులో పూట గడిచిపోయిందట, మందులు మాత్రం ఊరికే ఇచ్చారు. "పూట జీతం పోతే ఏం ఆదా అక్కా?" అంది. నిజమే, నా దగ్గర జవాబు లేదు. ఇరవై మంది ఉంటే పీఎఫ్ కూడా ఉండాలి. దాని సంగతి అడిగితే చూద్దాం అంటున్నారు.

బాత్‌రూముకి మౌఢ్యమి కలిసొచ్చింది. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మౌఢ్యమి, ముహూర్తాల్లేవు. మాఘంలో కూడా పెళ్లిళ్లు లేవంటే బట్టల కొట్టు వాళ్లకి ఏడుపే. కానీ కొట్లో పగలగొట్టుడు పనికి అంతకంటే మంచి సమయం దొరకదు. మా అంతస్తులో మెట్ల పక్కన అట్టపెట్టెలు పడేసే గది ఖాళీ చేయించాం. మొదటి అంచనా రెండు లక్షల పైన వచ్చింది, పెద్దాయన లేచి నిలబడ్డారు. డ్రైనేజీ గొట్టం బిల్డింగు వెనక ఉంది, ఈ గది ముందు వైపు. వాలు రావాలంటే గది నేల ఎనిమిది అంగుళాలు లేపాలి. గోడ టైల్స్ సగం ఎత్తుకే చాలనుకుని, వెస్టర్న్ బదులు ఇండియన్ పెట్టుకుని లక్షా అరవై రెండు వేలకి తెగ్గొట్టాం. మోకాళ్ల నొప్పులున్న పాతవాళ్లు ఇప్పుడు దానికి గొణుగుతున్నారు, గోడకి పట్టుకోడానికి ఒక కడ్డీ వేయించాం. డిసెంబరు మొదటి వారంలో మొదలుపెట్టిన పని మూడు వారాలన్నారు, సంక్రాంతి బేరాలు మొదలయ్యాకే తెరిచారు. గొళ్లెం లోపల్నుంచి గట్టిగా పడుతుంది. తాళం లేదు, చెవి లేదు.

తెరిచిన వారానికే మూతబడేలా ఉంది. ప్యాడ్లు వేసే మూత డబ్బా ఎవరు ఖాళీ చేయాలి? ఊడ్చే ఆవిడ నేను చెయ్యనంది, ఆమె తప్పు కాదు, ఆమె జీతంలో ఆ పని లేదు. బాబుగారూ నేనూ మాట్లాడి నెలకి ఎనిమిది వందలు ఎక్కువ, చేతి తొడుగులు, ఫినాయిలు కొట్టు ఖర్చు అని ఒప్పించాం. కట్టడానికి లక్షన్నర దాటింది గానీ, దాన్ని నిలబెట్టింది ఈ ఎనిమిది వందలే. జనవరి నెలలో మా అంతస్తులో నీళ్ల క్యాన్లు ఎక్కువ ఖర్చవుతున్నాయని అకౌంటెంటు ఫిర్యాదు చేశాడు. అది విని మేమంతా పగలబడి నవ్వాం, ఆయనకి ఎందుకో అర్థం కాలేదు.

వారం సెలవు ఉండటం కొత్తేమీ కాదు, 1988 నాటి మన రాష్ట్ర దుకాణాల చట్టంలోనే ఉంది. ఎప్పుడో తెలియకపోవడమే బాధ. రాత్రి కొట్టు కట్టేటప్పుడు "రేపు నువ్వు రాకు" అనేవారు. పిల్లల స్కూలు, ఆసుపత్రి, చుట్టాలింటి శుభకార్యం ఏదీ ముందే అనుకోడానికి లేదు. డిసెంబరు నుంచి నెల పట్టిక వేస్తున్నాను. పంచాంగం ముందు పెట్టుకుని, ముహూర్తాలకి ముందు మూడు నాలుగు రోజులు సెలవులు తక్కువ, ముహూర్తం రోజున ఎక్కువ. ముహూర్తం రోజున జనం పెళ్లిలో ఉంటారు, కొట్లో ఉండరు, ఇది ఇన్నేళ్లూ ఎవరూ వాడుకోలేదు. ఆదివారం సెలవు మనిషికి నెలకొకటి తప్పకుండా. పట్టిక చూడగానే అమ్మాయిలు తమలో తాము మార్చుకోవడం మొదలుపెట్టారు, దానికి నా సంతకం అక్కర్లేదన్నాను.

సాధించలేనివీ ఉన్నాయి. రాత్రి మూసే వేళ మారలేదు. తొమ్మిదిన్నరకి ఆఖరి బేరం వస్తే పదిన్నర అవుతుంది, కోరుకొండ వైపు పల్లెవెలుగు వెళ్లిపోతుంది. బస్సు ఉచితమైనా బస్సుండాలి కదా, ఆటోకి వంద పెట్టుకుంటున్నారు. దూరం వాళ్లని ఎనిమిదిన్నరకి పంపేద్దాం, పొద్దున ముందొస్తారు అన్నాను. పొద్దున బేరాలెక్కడివి అన్నారు పెద్దాయన. మగపిల్లల గురించి మేమెవరమూ ఆలోచించలేదు. గోడౌనులో బేళ్లు మోసే కుర్రాళ్లు జనవరిలో బాబుగారి దగ్గరికెళ్లి, అక్కలకి బల్లలేశారు, మా నడుముల సంగతేంటని అడిగారు. లిఫ్టు మాట ఎత్తారట, చక్రాల బండి వచ్చింది. కింద రెండు అంతస్తుల్లో బల్లలు ఉగాది తర్వాతే.

ఇన్ని చేసినా సంక్రాంతి తర్వాత ఇద్దరు అమ్మాయిలు మానేశారు. ఒకరికి పెళ్లి కుదిరింది, ఇంకొకరు సూపర్ మార్కెట్లో వెయ్యి ఎక్కువిస్తారని వెళ్లింది. జీతం జీతమే. కానీ అంతకుముందు ప్రతి పెద్ద సీజను తర్వాతా ఇంకా చాలామంది వెళ్లిపోయేవారు. ఉప్పాడ జామ్‌దానీకీ వెంకటగిరికీ తేడా, గద్వాల్ అంచు అతుకు ఎక్కడుంటుందో, ధర్మవరంలో ఏది మగ్గందో ఏది పవర్‌లూమో కొత్త పిల్లకి పట్టుబడాలంటే ఏడాది పడుతుంది. అలాంటి ఒక్కో అమ్మాయి వెళ్లిపోతే ఎంత నష్టమో బాబుగారు లెక్కేసి తండ్రికి చూపించాడు. ఆ లెక్క నాకు పూర్తిగా అర్థం కాలేదు గానీ కింది అంతస్తుల బల్లలకి డబ్బు పెద్దాయన ఆ రోజే ఒప్పుకున్నారు.

ఫిబ్రవరి 17తో మౌఢ్యమి పోయింది, ముహూర్తాలు మొదలయ్యాయి. మూడు నెలల ఆకలి మీద ఉన్నారేమో, మొదటి వారమే సెలవులన్నీ రద్దు చేయమన్నారు పెద్దాయన. పట్టిక తీసుకెళ్లి ఎదురుగా కూర్చున్నాను. రద్దయిన సెలవు పదిహేను రోజుల్లోపు తిరిగివ్వాలి, ఏ రోజో అదే పట్టికలో ఎర్ర సిరాతో ముందే రాయాలి, లేకపోతే ఒక రోజు జీతం అదనం, ఈ మాట మీద తేలింది. కింద ఆయన సంతకం ఉంది. ఇప్పటికి ఎర్ర సిరా రోజుల్లో సగం తిరిగొచ్చాయి, మిగతావి మార్చి నెలాఖరులోపు.

బల్లలు చేయించుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట. గొలుసులు సన్నవి కొనకండి, మావి రెండు తెగాయి. కౌంటరు ఎత్తు కొట్టుకో రకంగా ఉంటుంది, మా ఇరవై ఆరు అంగుళాలు మీకు సరిపోకపోవచ్చు. రోజూ అక్కడ నిలబడే అమ్మాయిని ఏదైనా పెట్టె మీద కూర్చోబెట్టి, మోచెయ్యి కౌంటరు మీద ఆనేదాకా కింద అట్టలు పేర్చి, అప్పుడు కొలవమనండి.